వాకిటనే చెప్పవలసిన మాట

పర్దా చాటున ప్రసవవేదన పడుచు, పురుషవైద్యుని చేయి సోకరాదను కట్టుబాటునకు లోనై, చికిత్స నోచక కన్నుమూయు రావల్పిండి స్త్రీలను కన్నులార చూచిన ఆస్ట్రియా దేశపు వైద్యురాలు ఆన్నా డెంగెల్, 1925లో మెడికల్ మిషన్ సిస్టర్స్ సంఘమును నెలకొల్పెను. సన్న్యాసినులు ప్రసూతివైద్యము చేయుట ఆనాడు చర్చి శాసనమునకు విరుద్ధము. గుంటూరులో స్త్రీలకు సేవచేసిన ఆస్ట్రేలియా సన్న్యాసిని డాక్టరు మేరీ గ్లౌరీకి సైతము వైద్యము చేయుటకు పోపుగారి ప్రత్యేకానుమతి కావలసివచ్చెను. తుదకు 1936లో రోము ఆ నిషేధమును తొలగించెను. డెంగెల్ సంఘమువారు 1953లో ఢిల్లీ ఓఖ్లాలో స్థాపించినదే హోలీ ఫ్యామిలీ ఆసుపత్రి.

ఈ చరిత్రకు చేతులు జోడించుచునే ఒక మాట చెప్పవలసియున్నది. గర్భస్రావమును, కృత్రిమ సంతాననిరోధమును కథోలిక చర్చి నిషేధించుచున్నది. 1968లో ఆరవ పాల్ పోపు ఆ బోధను దృఢపరచెను. కథోలిక వైద్యాలయములకు అది శిరోధార్యము. 1885లో వెలసిన, ఢిల్లీ తీస్ హజారీలోని సెయింట్ స్టీఫెన్స్ ఆసుపత్రి ప్రొటెస్టంటు సంప్రదాయమునకు చెందినది గాన పోపు శాసనము దానికి వర్తింపదు. కాని జనుల నోట రెండును మిషను ఆసుపత్రులే. తల్లియు అత్తయు చెంతలేక, తెలుగునాటినుండి వచ్చి నోయిడాలోనో గురుగ్రాములోనో కాపురము పెట్టిన యువతికి ఈ భేదము తెలుపువారెవరు?

తెలియకపోవుటవలన పోవునది కాలము. చట్టము లెక్కించునదియు కాలమునే. 1971 నాటి గర్భవిచ్ఛేదన చట్టము 2021లో సవరింపబడిన పిమ్మట, 20 వారములవరకు ఒక వైద్యుని అభిప్రాయము చాలును. 24 వారములవరకు ఇరువురిది కావలెను, అదియు కొన్ని వర్గముల స్త్రీలకే. ఢిల్లీ వ్యాజ్యముననే 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఆ వర్గములనుండి అవివాహితలను వెలివేయరాదని తీర్పు చెప్పెను. పిండలోపములు స్కానులో బయటపడునది సాధారణముగా 18, 20 వారముల నడుమనే. అట్టి వేళ ‘ఇచ్చట చేయము’ అను మాట పది దినములు ఆలస్యముగా వినబడినచో 20 వారముల హద్దు దాటి, ఇరువురు వైద్యుల అభిప్రాయము కావలసిరావచ్చును.

విశ్వాసమునకు విరుద్ధమైన శస్త్రచికిత్సను ఎవరిచేతను బలవంతముగా చేయింపరాదు. అట్లు చేసినచో ప్రసూతివిభాగములే మూతపడి పేదరాండ్రకు కాన్పుల చోటు కరవగును. నేను కోరునది స్వల్పము. ఏ సేవ తమకడ లభింపదో ఓపీ చీటీ వ్రాయుచోటనే హిందీ, ఉర్దూ, ఆంగ్లములలో పలకపై వ్రాయవలెను. ఆ సేవను కోరిన స్త్రీకి కేసు కాగితములను ఆనాడే చేతికిచ్చి, ప్రభుత్వామోదిత కేంద్రముల జాబితా చూపవలెను. తల్లి ప్రాణము తక్షణము నిలుపవలసినపుడు వారముల పరిమితిని, స్థలానుమతిని చట్టమే సడలించినది గాన, అప్పుడు సంస్థానియమము అడ్డురాకూడదు. రాయితీపై సర్కారు భూమి పొందిన ఆసుపత్రులు పేదలకు ఉచితముగా పడకలలో 10 శాతము, ఓపీలో 25 శాతము కేటాయింపవలెనని ఢిల్లీ హైకోర్టు 2007లో ఆదేశించెను. ఎవరి యాజమాన్యమైనను ఆసుపత్రికి ప్రజలయెడల బాధ్యత కలదని ఒప్పుకొన్న నగరమిది. ఒక పలకను అడుగుట దానికి బరువు కాదు.

మరణించు స్త్రీని చూచి 1936లో శతాబ్దముల నిషేధమే కదలినది. నేడు కదలవలసినది శాసనము కాదు, మౌనము మాత్రమే.