పాత బండికి గుప్త కవచం

తెల్లవారకముందే కూరగాయల మార్కెట్టుకు బయలుదేరే చిన్న సరకుల వాహనానికి దేశ ఆర్థిక వ్యవస్థపై జరిగే చర్చల్లో చోటు దొరకదు. జాతీయ రహదారులపై బారులు తీరే భారీ లారీలకు యజమానుల సంఘాలున్నాయి; అవి సమ్మెకు దిగితే మంత్రులు చర్చలకు పిలుస్తారు. పల్లెకూ పట్టణానికీ నడుమ పాల క్యాన్లు, టమాటా బుట్టలు, సిమెంటు బస్తాలు మోసే పాత పికప్ వ్యానుకు ఆ భాగ్యం లేదు. దాని యజమానే డ్రైవరు, అతడే హమాలీ, అతడే కాపలాదారు. రాత్రి వీధి వారగా నిలిపిన ఆ బండి తెల్లవారేసరికి మాయమైతే పోయేది ఇనుము కాదు, ఒక కుటుంబం నోటి దగ్గరి కూడు. అందువల్ల పాత సరకుల వాహనాల చోరీని పోలీసు స్టేషన్ రికార్డులకు పరిమితమైన చిల్లర నేరంగా కొట్టిపారేయడం తగదు. అది జీవనోపాధికి సంబంధించిన ఆర్థిక సమస్య.

1986లో టాటా 407, 2005లో టాటా ఏస్ రంగప్రవేశం చేశాక దేశంలో చిన్న సరకు రవాణా రూపురేఖలే మారిపోయాయి. ఉత్తరాదిన ‘ఛోటా హాథీ’ అని ముద్దుగా పిలుచుకునే ఏస్, మహీంద్రా సంస్థ పికప్‌లు లక్షలాది సామాన్యులను వాహన యజమానులను చేశాయి. ఒకరు కొని కొన్నేళ్ళు నడిపి అమ్మినది రెండో చేతికి, అక్కడి నుంచి మూడో చేతికి మారుతూ పదిహేనేళ్ళు దాటినా రోడ్డు మీద కనబడటం మనకు కొత్త కాదు. అంత పాత బండిని దొంగ ఎందుకు ఆశిస్తాడన్న ప్రశ్న సహజమే. బండిగా దాని ధర తక్కువైనా, విడదీస్తే దాని విలువ వేరు. ఇంజను, గేరుబాక్సు, యాక్సిల్, ఇంధన పంపు, టైర్లు, బ్యాటరీ వేటికవే అమ్ముడుపోతాయి. ఒకే నమూనా దీర్ఘకాలం తయారైనందువల్ల ఒక బండి భాగం మరో బండికి అతుకుతుంది. పాత నమూనాకు కొత్త భాగాలు ప్రియమైనప్పుడు, దొరకనప్పుడు వాడేసిన భాగాలకు గిరాకీ పెరుగుతుంది. ఆ గిరాకీయే దొంగకు పెట్టుబడి.

ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నగరంలో సోతీగంజ్ మార్కెట్ చరిత్ర ఇందుకు నిదర్శనం. చోరీ అయిన వాహనాలను గంటల వ్యవధిలో ముక్కలుచేసి విడిభాగాలుగా అమ్మే కేంద్రంగా అది దశాబ్దాలపాటు అపఖ్యాతి మోసింది. 2021 డిసెంబరులో అక్కడి పోలీసులు ఆ దుకాణాలను మూయించేవరకూ ఆ వ్యాపారం బహిరంగంగానే సాగింది. దొంగసొత్తు కొనే అంగడి ఉన్నంతకాలం దొంగకు కొదవ ఉండదన్నది అక్కడ రుజువైంది. దొంగను మాత్రమే పట్టుకుని కొనుగోలుదారును వదిలిపెట్టడమంటే చెట్టు వేరును విడిచి కొమ్మలు నరకడమే.

పాత బండి దొంగకు సులువుగా లొంగడానికి మరో కారణం దాని నిర్మాణంలోనే ఉంది. తాళంచెవిలో అమర్చిన చిప్‌ను గుర్తిస్తేనే ఇంజను నడిచే ఇమ్మొబిలైజర్ విధానం పాత సరకుల వాహనాల్లో లేదు. ఏళ్ళ తరబడి వాడకంతో అరిగిపోయిన తాళం ఏ అరగదీసిన చెవికైనా తెరుచుకుంటుంది. అదీ కుదరకపోతే ఇగ్నిషన్ తీగలు రెండు కలిపితే చాలు. కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్‌ను బ్రిటన్ 1998లోను, ఆస్ట్రేలియా 2001లోను, కెనడా 2007లోను తప్పనిసరి చేశాయి. ఆ రక్షణ ఉన్న వాహనాల చోరీలు గణనీయంగా తగ్గాయి. దొంగల చూపు అది లేని పాత వాహనాలపైకి మళ్ళింది. కొత్త వాహనం కట్టుదిట్టమైన కొద్దీ పాత వాహనానికి ముప్పు పెరుగుతుందన్న ఈ అనుభవం మనకూ హెచ్చరికే.

బీమా ఆదుకుంటుందనుకుంటే అదీ అంతంత మాత్రమే. 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది మూడో పక్షం బీమాను మాత్రమే. ఆ పాలసీ బండి ఢీకొన్న ఇతరులకు నష్టపరిహారం ఇస్తుంది, బండి పోతే పైసా ఇవ్వదు. చోరీకి పరిహారం రావాలంటే సమగ్ర బీమా ఉండాలి. 2002 నాటి మోటారు బీమా టారిఫు ప్రకారం నాలుగేళ్ళు దాటి అయిదేళ్ళలోపు వాహనానికే సగం విలువ కోత పడుతుంది. అయిదేళ్ళు దాటితే విలువ ఎంతన్నది బీమా సంస్థ, యజమాని మాట్లాడుకుని తేల్చుకోవలసిందే. ఈ లెక్కలు చూసి పాత బండి యజమాని చాలాసార్లు కనీస బీమాతోనే సరిపెట్టుకుంటాడు. అతడిని తప్పుపట్టడం తేలిక. కిస్తీలు, డీజిలు, రిపేర్లు పోగా రోజుకు మిగిలేదెంతో ఆలోచిస్తే ఆ మాట నోట రాదు.

చట్టమూ, బీమా, తయారీదారూ అందరూ దూరంగా ఉన్నచోట యజమానికి దగ్గరగా ఉన్నది అతని సొంత తెలివి మాత్రమే. మెకానిక్ షెడ్లలో తరతరాలుగా వాడుకలో ఉన్న గుప్త స్విచ్‌కు ఈ సందర్భంలో ప్రాధాన్యం ఉంది. తాళంచెవి తిప్పినా, తీగలు కలిపినా ఇంజను పలకకుండా ఒక తీగ మధ్యలో రహస్యంగా అమర్చిన చిన్న మీట అది. డాష్‌బోర్డు కిందనో, సీటు వెనుకనో, మామూలుగా చేయి వెళ్ళని మరో మూలనో దాన్ని దాచవచ్చు. దొంగకు అది స్విచ్చన్న సంగతే తెలియకూడదు. బండి చెడిపోయిందని అతడు భావించి వదిలి వెళ్ళాలి. ఈ అమరిక బలమంతా అందులోనే ఉంది.

అయితే ఏ తీగను ఆపాలన్నది తెలిసి చేయవలసిన పని. సెల్ఫ్ మోటారుకు వెళ్ళే తీగను మాత్రమే ఆపితే పాత డీజిలు బండిని వాలులో తోసి గేరులో వేసి స్టార్టు చేసుకుపోవచ్చు. డీజిలు ఇంజను పెట్రోలు ఇంజనులా నిరంతరం స్పార్కు కోరదు, ఇంధనం అందుతున్నంతసేపూ నడుస్తుంది. కనుక విద్యుత్తు అందితేనే ఇంధనాన్ని వదిలే సోలెనాయిడ్ ఉన్న పంపు అయితే దాని తీగను ఆపడమే సరైన అడ్డు. సోలెనాయిడ్ లేక, లాగి ఆపే కేబులుతో నడిచే ఇంజన్లకు ఇంధన గొట్టంలో కనబడకుండా అమర్చిన కుళాయి అదే పని చేస్తుంది. కాకపోతే గొట్టంలో మిగిలిన డీజిలుతో బండి కొంతదూరం పోయి ఆగుతుంది. నడిరోడ్డుపై ఆగిన బండిని విప్పి చూసే ఓపిక దొంగకు ఉండదు.

ఈ పనిలో అజాగ్రత్త చోరీకన్నా ఎక్కువ నష్టం తెస్తుంది. సెల్ఫ్ మోటారుకు వెళ్ళే లావుపాటి కేబులులో వందల ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. దాన్ని చిన్న మీట గుండా పంపితే తీగ కాలి బండికే నిప్పంటుకోవచ్చు. ఆపవలసింది రిలేకు ఆదేశమిచ్చే సన్నని తీగను మాత్రమే. అదీ ఫ్యూజు వేసి, రాపిడి తగలని దారిలో తీసుకువెళ్ళాలి. బ్యాటరీని పూర్తిగా విడదీసే ఐసొలేటర్ స్విచ్ వేయించుకునేవారు ఇంజను నడుస్తుండగా దాన్ని తిప్పితే ఆల్టర్నేటరు దెబ్బతింటుందని గుర్తుంచుకోవాలి. ప్రయాణంలో మోకాలు తగిలి ఇంజను ఆగిపోయేచోట మీటను పెట్టరాదు. ఇంజను ఆగితే బ్రేకుకు ఊతమిచ్చే వాక్యూమ్ కొద్దిసేపటిలోనే తరిగిపోతుంది. నిండు బరువుతో ఘాటు దిగే బండికి అది ప్రాణాంతకం. కాబట్టి ఈ పనిని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. రహస్యాన్ని మాత్రం యజమాని, ఆ ఎలక్ట్రీషియన్, నమ్మకమైన డ్రైవరు దాటిపోనీయరాదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత వాహన చోరీల విషయంలోనూ వర్తిస్తుంది. డ్రైవరు మారినప్పుడు మీట చోటు కూడా మార్చడం వివేకం.

ఒక్క మీటతో నిశ్చింతగా నిద్రపోవచ్చని ఎవరూ భ్రమపడనవసరం లేదు. ఇంజను పలకకపోయినా మరో బండికి కట్టి లాక్కుపోయే ముఠాలకు చక్రానికి వేసిన గొలుసు, క్లచ్ పెడలుకూ స్టీరింగుకూ కలిపి వేసే ఇనుప తాళం అడ్డుపడతాయి. కనిపించే తాళం దొంగను వెనుకాడేలా చేస్తుంది, కనిపించని మీట అతని సమయాన్ని హరిస్తుంది. దొంగకు అన్నిటికన్నా విలువైనది సమయమే గనుక ఈ రెండూ ఒకదానికొకటి తోడు కావాలి. ఆచూకీ తెలిపే జీపీఎస్ పరికరాన్ని బాడీ లోపల దాచడం మూడో వరస రక్షణ. సిమ్ కార్డుకు రీచార్జి చేయించడం మరిచినా, బ్యాటరీ అడుగంటినా, సంకేతాలు అందని చోట బండిని దాచినా అది మూగబోతుంది. అద్దాల మీద, ఇంజను, గేరుబాక్సు వంటి భాగాల మీద ఛాసిస్ నంబరును చెక్కించడం చవకైన జాగ్రత్త. ముక్కలైన బండి మళ్ళీ ఎవరిదో చెప్పగలిగేవి ఆ అంకెలే.

ఇంత చేసినా బండి పోవచ్చు. అప్పుడు పోలీసుల బాధ్యత మొదలవుతుంది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మామూలు చోరీకి గరిష్ఠ శిక్ష మూడేళ్ళు కాగా, సరకులు లేదా ప్రయాణికుల రవాణాకు వాడే వాహనాల చోరీకి 305వ సెక్షను కింద ఏడేళ్ళ వరకు జైలు శిక్ష విధించవచ్చు. సరకుల బండి వెనుక ఒక జీవనోపాధి ఉందని చట్టం గుర్తించడం ఆహ్వానించదగిన పరిణామం. అయితే ఏడేళ్ళ శిక్ష కాగితం మీద ఉండి, ఎఫ్ఐఆర్ నమోదుకే వారం తిప్పుకుంటే బాధితుడికి ఒరిగేదేమీ లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ మాధ్యమంలోనూ సమాచారం ఇచ్చి, మూడు రోజుల్లోపు సంతకం చేయవచ్చు. ఏ స్టేషను పరిధిలో నేరం జరిగినా మరో స్టేషను ఫిర్యాదు తీసుకోవలసిందే. రాష్ట్రాల హద్దులు దాటే సరకుల బండ్ల యజమానులకు ఈ నిబంధన ప్రాణప్రదం. చాలామందికి ఈ హక్కు తెలియకపోవడమే విచారకరం.

ఫిర్యాదు జాప్యం చేయకపోవడానికి మరో కారణమూ ఉంది. ట్రాక్టరు చోరీకి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2020లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా స్పష్టమైన తీర్పు ఇచ్చింది. చోరీ గురించి పోలీసులకు వెంటనే తెలిపి ఉంటే, బీమా సంస్థకు ఆలస్యంగా తెలిపారన్న ఏకైక సాకుతో పరిహారం నిరాకరించరాదన్నది ఆ తీర్పు సారాంశం. మొదటి గంటల్లోనే పోలీసు స్టేషను మెట్లెక్కిన యజమానికి ఆ తీర్పు అండగా నిలుస్తుంది. తాళంచెవి బండికే వదిలి టీ తాగడానికి వెళ్ళినవారికి మాత్రం సముచిత జాగ్రత్త తీసుకోలేదన్న ఆక్షేపణ ఎదురవుతుంది.

బీమా సంస్థలూ తమ ధోరణి మార్చుకోవాలి. పుణెలోని ఆటోమోటివ్ పరిశోధన సంఘం ఆమోదించిన చోర నిరోధక పరికరం అమర్చుకుంటే సొంత నష్టం ప్రీమియంలో రెండున్నర శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గించాలన్నది 2002 టారిఫులోని సదుపాయం. పాత పికప్‌కు ఆ శాతం లెక్కిస్తే మిగిలేది టీ ఖర్చులకు కూడా చాలదు. పైగా మెకానిక్ షెడ్డులో అమర్చిన గుప్త స్విచ్ ఆ ఆమోదిత జాబితాలోకి రాదు. పాత వాహనాలకు సరిపడే సరళమైన రక్షణ సాధనాలకు ఒక ప్రమాణం నిర్ణయించి, వాటిని అమర్చుకున్నవారికి కనిపించేంత రాయితీ ఇస్తే లాభపడేది బీమా సంస్థలే. చెల్లించవలసిన పరిహారాలు తగ్గడం వాటికి మాత్రం చేదా?

విడిభాగాల మార్కెట్‌పై నిఘా అన్నిటికన్నా ముఖ్యం. అధీకృత తుక్కు కేంద్రాలు వాహనాన్ని విడదీసేముందు జాతీయ నేర రికార్డుల బ్యూరో వద్ద ఉన్న చోరీ వాహనాల సమాచారంతో సరిచూసుకోవాలని 2021 నాటి తుక్కు నిబంధనలు చెబుతున్నాయి. ఆ కట్టుబాటు కాంక్రీటు గోడల మధ్య నడిచే అధీకృత కేంద్రాలకే పరిమితమై, పట్టణాల శివార్లలో రేకుల షెడ్లలో సాగే తుక్కు వ్యాపారాన్ని వదిలేస్తే ప్రయోజనం శూన్యం. ఇంజను కొన్నవాడు నంబరుతో సహా రశీదు చూపాలి, అమ్మినవాడు అది ఏ బండిదో పుస్తకంలో రాయాలి. ఇదేమీ అసాధ్యమైన షరతు కాదు. చోరీ అయిన వాహనాల వివరాలను సరిచూసే బ్యూరో వారి ‘వాహన్ సమన్వయ్’ సదుపాయాన్ని పాత బండి కొనేవారంతా వాడుకునేలా ప్రచారం చేయవలసిన బాధ్యత కూడా ప్రభుత్వాలదే.

రాత్రిపూట చిన్న సరకుల వాహనాలు నిలుపుకునేందుకు దీపం, కాపలా ఉన్న స్థలం మార్కెట్ యార్డుల్లోనైనా కల్పించడం పురపాలక సంఘాలకు తలకు మించిన భారం కాబోదు. బండి మీద పన్ను, అది మోసిన సరకు మీద పన్ను, అది తాగే డీజిలు మీద పన్ను వసూలు చేస్తున్న ప్రభుత్వాలు ఆ బండి తెల్లవారేదాకా పెట్టినచోటే ఉండేలా చూడలేకపోవడం సమర్థనీయం కాదు. సీటు కింద దాచిన చిన్న మీట పేదవాడి స్వయం సహాయం మాత్రమే. ప్రభుత్వాల కర్తవ్యానికి అది ప్రత్యామ్నాయం కాజాలదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగే పద్ధతికి స్వస్తి చెప్పనంతకాలం తన జీవనాధారాన్ని కాపాడుకోవడానికి సామాన్యుడు ఆ మీటనే నమ్ముకోక తప్పదు.