బడిలో గ్రీన్‌హౌస్ సరే, బకెట్ ఎవరి చేతిలో?

మా మండలంలోని ఒక ప్రభుత్వ బడి హెడ్మాస్టర్ ఈమధ్య ఫోన్ చేశారు. బడి వెనక ఖాళీ స్థలంలో గ్రీన్‌హౌస్ కట్టి, సైన్స్ పాఠాలు కూడా అందులోనే చెప్పాలనుకుంటున్నారట. "చదువుల మీదే కదా నీ పీహెచ్‌డీ, ఒకసారి వచ్చి చూడమ్మా" అన్నారు. సంతోషంగా వెళ్లాను. ఆ స్థలంలో నిలబడగానే నా ఏడో తరగతి గుర్తొచ్చింది.

నేను చదివిన బడిలో పూలమొక్కలకు నీళ్లు పోసే పని వాడ పిల్లలదే. మేం చేతిపంపు దగ్గర బకెట్లు నింపుతుంటే కిటికీలోంచి లెక్కల సార్ భిన్నాలు చెప్పడం వినిపించేది. టీచర్లు తాగే నీళ్ల బిందెను మాత్రం మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. డిగ్రీకి వచ్చేదాకా భిన్నాలంటే నాకు భయం.

గ్రీన్‌హౌస్ సంగతి అమ్మకు చెప్పాను. "మేం మట్టి పిసికింది చాలదా, పిల్లల్నీ దించుతారా?" అంది. అమ్మ మాటను కొట్టిపారేయలేను. కానీ మట్టిని బడిలోకి తేవాలని మనవాళ్లే అడిగారు. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వినతిపత్రంలో జ్యోతిరావు ఫూలే చదవడం, రాయడం, లెక్కలతోపాటు వ్యవసాయ ప్రాథమిక జ్ఞానాన్నీ కోరారు. పిల్లలు చేసి నేర్చుకునే నమూనా పొలాలుంటే దేశానికే మేలన్నారు.

1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన పథకం వేరు. అప్పటికి కోస్తా, సీమ జిల్లాలూ ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. పల్లె బడుల్లో రోజుకు మూడు గంటలే చదువు; మిగతా సమయం పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలి. ఇది కులవృత్తి విద్య అని పెరియార్, ద్రావిడ ఉద్యమం తిరగబడ్డాయి. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక దాన్ని ఎత్తేశారు. ఫూలే మట్టిపనికి శాస్త్రం జోడించమన్నారు. రాజాజీ పథకం బిడ్డను తండ్రి పనికే కట్టేసింది.

ఇప్పుడు 2019 నుంచి బడి పోషకాహార తోటలకు కేంద్రం మార్గదర్శకాలున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతులకు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగం, కుండల తయారీ, తోటపని వంటివి నేర్పమంటోంది. ఇవి ఫూలే దారిన పోతాయా, రాజాజీ దారిన పోతాయా అన్నది ప్రతి బడిలో పని పంచే తీరును బట్టి తేలుతుంది.

కట్టడం కష్టమేమీ కాదు. లద్దాఖ్‌లో సెక్మాల్ క్యాంపస్ గదులకు ఆనించి కట్టిన గ్రీన్‌హౌస్‌లు చలికాలపు ఎండను పట్టి గదులను వెచ్చగా ఉంచుతాయి. మన దగ్గర అలా ప్లాస్టిక్ కప్పితే ఏప్రిల్‌లో పిల్లలు ఉడికిపోతారు. మనకు జీఐ పైపుల చట్రం, పైన ఎండను సగానికి తగ్గించే షేడ్‌నెట్, గాలి ఆడే పక్కలు చాలు. లోపల బల్లలు, ఒక బోర్డు. లోపలొకటి, బయటొకటి థర్మామీటర్ పెట్టి రోజూ గ్రాఫ్ గీయించవచ్చు. ఆకులున్న కొమ్మకు పాలిథిన్ సంచి కడితే లోపల పట్టే నీటి చుక్కలే బాష్పోత్సేకం పాఠం. నాటిన గింజల్లో ఎన్ని మొలిచాయో లెక్కిస్తే అవే నేను కిటికీలోంచి విన్న భిన్నాలు.

హెడ్మాస్టర్‌కు మూడు షరతులు చెప్పాను. తోటపని టైంటేబుల్లో ఉండాలి, ఏ పిల్లనూ మరో పీరియడ్ నుంచి లేపకూడదు. పని రోల్ నంబర్ల వరసన అందరికీ పడాలి. ఈ వారం బకెట్ పట్టినవాళ్లు వచ్చే వారం రీడింగులు రాయాలి. పండిన కూర మధ్యాహ్న భోజనంలో అందరూ ఒకే వరసలో కూర్చుని తినాలి.

"ఊళ్లోవాళ్లు తమ పిల్లల్ని బకెట్ పట్టనివ్వరేమో" అన్నారాయన. "అయితే కట్టొద్దు సార్" అన్నాను. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది మహిళలు ఉండాలి. అణగారిన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటు ఇవ్వాలి. బడి తోటలో ఏ వారం ఎవరు నీళ్లు పోశారో రాసిన పట్టీని ఆ కమిటీ మీటింగులో బల్ల మీద పెట్టమని మన అమ్మలు అడగాలి. అడిగే హక్కు వాళ్లకుంది.