కోతకు లెక్కుంది, చెయ్యికి లెక్క లేదు (ఏడో భాగం)

తిరుపతిలో గుండు చూసి ఎవరూ జాలిపడరు. కీమోకి జుట్టంతా రాలిపోయిన మా అమ్మ బస్టాండులో కూర్చోనుంటే పక్కనామె "కొండకు పొయ్యొచ్చినావా అక్కా, దర్శనం బాగా అయిందా?" అని అడిగింది. "బాగా అయింది మ్మా" అనింది అమ్మ. అంటానే కొంగు తెచ్చి కుడిపక్క ఇంకొంచెం కప్పుకుంది. ఆ ఊళ్ళో గుండు దాచాల్సిన పని లేదు. రొమ్ము లేని పక్కనే దాచుకోవాల.

ఈ భాగం ఆ పక్క గురించి. రొమ్ము అనే రాస్తాను. స్తనం, వక్షోజం అని రాసి మర్యాద కాపాడుకునే ఓపిక నాకు లేదు.

అమ్మకు ఆపరేషన్ అయ్యి నాలుగేళ్ళు. ఏ ఆసుపత్రి అనేది ఇక్కడ అనవసరం. ఖర్చు ప్రభుత్వ పథకం పెట్టుకుంది, ప్రాణం దక్కింది. ఆ కృతజ్ఞత ఉంది. నా గొడవ ఆ తర్వాత జరిగినదాని మీద. డిశ్చార్జి కాయితంలో "కండిషన్ శాటిస్‌ఫ్యాక్టరీ" అని రాశారు. ఆ కాయితం పట్టుకుని చిత్తూరు పక్క మా పల్లెకు వచ్చిన పదిరోజులకు, ట్యూబు తీసేసిన చోట చంక కింద నీళ్ళు చేరినాయి. సూదితో లాగించుకోడానికి మూడుసార్లు తిరుపతికి తిరిగాం. పోయిన ప్రతిసారీ ఇద్దరి కూలి, ఇద్దరి బస్సు చార్జీ. "ఇది మామూలేనమ్మా, కొంతమందికి వస్తుంది" అన్నారు. మామూలే. ఎవరికి మామూలు?

తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినోడికి ఈ నీళ్ళ సంగతి ఎందుకని అడగొచ్చు. మా తాత చెప్పులు కుట్టేవాడు. రంపెతో కోయడం, ఆరెతో గుచ్చి కుట్టడం చూస్తా పెరిగాను. కోత గురించి అడిగే హక్కు నాకు ఆ ఇంటినుంచే వచ్చింది.

అడిగితే తెలిసింది ఇది. రొమ్ము తీసేశాక పైన చర్మం, కింద కండ, మధ్యలో ఖాళీ మిగులుతుంది. తెగిన సన్నటి నాళాల నుంచి ఊరిన నీరు ఆ ఖాళీలో నిలుస్తుంది. దాన్ని సీరోమా అంటారు. ఈ ఆపరేషన్ తర్వాత ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఇదే. దీనికి, కోసే పనిముట్టుకు సంబంధం ఉందా అని డాక్టర్లే దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు.

పాతది మామూలు ఉక్కు కత్తి. రెండోది కరెంటు కత్తి. 1926 అక్టోబరు 1న బోస్టన్‌లో హార్వీ కుషింగ్ అనే సర్జన్, విలియం బోవీ తయారుచేసిన యంత్రంతో మొదటిసారి ఆపరేషన్ చేశాడు. ఇది కోస్తానే రక్తనాళాన్ని కాల్చి మూసేస్తుంది. రక్తం తక్కువ పోతుంది. కానీ ఆ వేడి చుట్టుపక్కల కొవ్వుకీ చర్మానికీ తగులుతుంది. 1998లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సర్జరీలో వచ్చిన ఒక అధ్యయనంలో ఉక్కు కత్తితో పోలిస్తే కరెంటు కత్తికి రక్తం తక్కువ పోయింది, నీరు ఎక్కువమందికి చేరింది. మూడోది హార్మోనిక్ స్కాల్‌పెల్. దీని మొన సెకనుకు 55 వేలసార్లకు పైగా అదురుతూ తక్కువ వేడితో కోస్తుంది. కొన్ని పరీక్షల్లో నీరు తగ్గింది, కొన్నిట్లో పెద్ద తేడా కనిపించలేదు. ఖరీదు మాత్రం ఎక్కువే.

నేను కరెంటు కత్తిని తిట్టడం లేదు. పేద ఆడమనిషికి ముందే రక్తం తక్కువ. ఆపరేషన్లో ఒక బాటిల్ రక్తం మిగలడమంటే చిన్న విషయం కాదు. ఖరీదైన కత్తి కొనిపెట్టండి అని కూడా నేను అడగడం లేదు. ఎందుకంటే జవాబు ఇంకోచోట, చాలా చవగ్గా ఉంది.

పైచర్మాన్ని కింద కండకు అక్కడక్కడా కుట్టేస్తే నీరు చేరడానికి ఖాళీయే ఉండదు. నెదర్లాండ్స్‌లో కొన్ని ఆసుపత్రులు కలిసి చేసిన పరీక్షలో, ఇట్లా కుట్టినవాళ్ళకు సూదితో నీరు లాగాల్సిన అవసరం బాగా తగ్గింది. ఆ కుట్టులో ఒక రకానికి ఇంగ్లీషులో పేరు క్విల్టింగ్. అంటే ఏంది? బొంత కుట్టు! మా అవ్వ పాత చీరలు పొరలుగా పరిచి, పొర జారకుండా వేసిన కుట్టే. దానికి కావాల్సింది దారం, ఆపరేషన్ బల్ల దగ్గర ఇంకొన్ని నిమిషాలు. ఆ కొన్ని నిమిషాలు అమ్మకు ఎన్ని బస్సు ప్రయాణాలు తప్పించేవో!

కానీ బొంతకుట్టు అమ్మడానికి ఏ కంపెనీ మనిషీ బ్యాగు తగిలించుకుని రాడు. కొత్త కత్తి గురించి సదస్సులు జరుగుతాయి. పాత దారం గురించి ఎవరు పెడతారు?

నీళ్ళు ఎండిపోయినాయి. అసలు కథ రెండో ఏడు మొదలైంది. చెనిక్కాయలు పెరుకుతుంటే కుడిచేతికి ముల్లు గీసుకుంది. రెండు రోజులకు చెయ్యంతా ఎర్రబడి వాచింది. మందులకు ఎరుపు పోయింది, వాపు పోలేదు. చంకలో లింఫు గ్రంథులు తీసేస్తే చేతిలోని నీరు పైకి పోయే దారి మూసుకుపోతుంది. 2013లో లాన్సెట్ ఆంకాలజీలో అనేక అధ్యయనాల్ని కలిపి లెక్కగట్టారు. చంక గ్రంథులు పూర్తిగా తీసినవాళ్ళలో దాదాపు 20 శాతం మందికి చెయ్యి వాచింది. ముందుండే కాపలా గ్రంథుల్ని మాత్రమే తీసినవాళ్ళలో 6 శాతం లోపే. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే వచ్చినామెకు రెండో దారి దొరుకుతుంది. కూలి పోతుందని, సిగ్గని, అడిగేవాళ్ళు లేరని ఆలస్యంగా వచ్చినామెకు చంకంతా ఖాళీ చేస్తారు. ఆ ఆలస్యానికి కులం ఉంది, ఊరికీ వాడకీ మధ్య దూరం ఉంది. దాన్ని "అవగాహన లోపం" అని రాసేసి చేతులు కడుక్కుంటారు.

అమ్మకు దొరికిన సలహా ఒకటే: "ఆ చెయ్యి వాడొద్దు."

అమ్మ నన్నడిగింది: "చెయ్యి వాడొద్దంటే బువ్వెట్లా నాయనా? నాకుండే చేను ఇదొకటే కదరా."

ఆ సలహా కూడా పాతబడిపోయింది. క్రమంగా, నేర్పినట్టు బరువులెత్తితే వాపు ముదరదని 2009లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పరీక్ష వచ్చింది. దానికి వ్యాయామం నేర్పే మనిషి కావాల, చేతికి బిగుతు తొడుగు కావాల. ఆ రెండూ అమ్మ దాకా రాలేదు. "వాడొద్దు" అనే ఒక్క మాట మాత్రం ఉచితంగా వచ్చింది.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో, ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలకు మించకుండా ఇస్తామన్నారు. కూలి మనిషికి విశ్రాంతి కూడా ఖర్చేనని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. మంచిదే. 2022లో తిరుపతిలో టాటా ట్రస్టు క్యాన్సర్ ఆసుపత్రి మొదలైంది. వేలూరుకో అడయారుకో పరిగెత్తే బాధ కొంత తగ్గింది. అదీ మంచిదే. కానీ ప్యాకేజీ ఆపరేషన్ రోజును లెక్కపెడుతుంది, ఆసరా విశ్రాంతి రోజుల్ని లెక్కపెట్టింది. రెండేళ్ళ తర్వాత వాచే చెయ్యి ఎవరి పద్దులో ఉంది?

ఇంతా రాసి మనల్ని మనం వదిలేస్తే మోసం. అమ్మకు కట్టు మార్చింది మా అక్క. నేను గది బయట నిలబడి ఉన్నాను. అట్రాసిటీ కేసు గురించి రెండు గంటలు మాట్లాడగలిగిన నేను, "అమ్మా, చంకలో నొప్పిగా ఉందా?" అని అడగడానికి నెల పట్టింది. ఆడ్రీ లార్డ్ అనే నల్లజాతి కవయిత్రి రొమ్ము తీయించుకుని, ఖాళీని దాచే ఉత్తుత్తి రొమ్ము పెట్టుకోనని 1980లోనే ద క్యాన్సర్ జర్నల్స్ రాసింది. దాన్ని క్లాసులో పాఠంగా చెప్పాను. మా అమ్మ కొంగు ఎందుకు కప్పుకుంటుందో మాత్రం ఇంట్లో అడగలేదు. మన సభల్లో అమ్మ పాట లేని సభ లేదు. అమ్మ చంక గురించి మాట్లాడిన సభ ఒకటి చూపించండి.

కాబట్టి అడగాల్సినవి ఇవి. ఆపరేషన్‌కు ముందే ఏ పద్ధతిలో కోస్తారో, తర్వాత ఏమి రావచ్చో తెలుగులో చెప్పాల. చర్మం కింద ఖాళీ మూసే కుట్టు వేస్తారా అని అడిగితే జవాబు చెప్పాల. నీరు లాగడం, కట్టు మార్చడం మండలం దాటకుండా జరగాల. బిగుతు తొడుగు, వ్యాయామం నేర్పే మనిషి పథకంలో ఉండాల. ఏడాదికీ రెండేళ్ళకీ ఆ చేతిని టేపుతో కొలిచి, ఆమె ఏం పని చేస్తుందో పక్కన రాయాల. ఒక టేపు, ఒక రిజిస్టరు. దీనికి కోట్లు అక్కర్లేదు.

నర్సింగ్, మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు దీన్ని చదువుతున్నారని నాకు తెలుసు. మీ మొదటి పోస్టింగులో ఆ రిజిస్టరు మీరే తెరవండి. మొదటి పేరుగా మా అమ్మ పేరు నేనొచ్చి రాయిస్తాను.

మొన్న ఇంటికి పోతే ఎడమచేత్తో సంగటి కెలకతా ఉంది. కుడిచేత్తో గిన్నె పట్టుకోబోయి వదిలేసింది. "ఇయ్యి మా" అని తీసుకోబోతే, "నీకు రాదులే, పక్కకు జరుగు" అనింది.

జై భీమ్.