చెవి మిషనుతో పాటు ఆరబెట్టే డబ్బా కూడా ఇవ్వండి



ప్రభుత్వ క్యాంపులో వినికిడి యంత్రం చేతికిచ్చేటప్పుడే దాంతో పాటు మూత గట్టిగా బిగుసుకునే చిన్న డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు, గొట్టంలో నీటిచుక్కను ఊదేసే రబ్బరు బుడ్డి ఇవ్వాలి. ఎలా వాడాలో పెట్టుకునే మనిషికే కాదు, ఇంట్లో ఇంకొకరికి కూడా చేసి చూపించాలి. నెలకొక రోజు మండలంలోనే మిషన్లు చూసి శుభ్రం చేసే మనిషి కూర్చోవాలి. మేం అడిగేది ఇంతే. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, ఉన్న పథకం వృథా కాకుండా ఉంటే చాలు.

కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వైపు ఉక్కపోత గురించి మీకు చెప్పేదేముంది? క్యాంపుల్లో ఇచ్చేవి ఎక్కువగా చెవి వెనక తగిలించుకునే మిషన్లు. అవి కూర్చునేది సరిగ్గా చెమట జారే దారిలో. జుట్టులోంచి కారిన చెమట చెవి వెనక మడతలో నిలిచి, మైకు రంధ్రంలోకి, సెల్లు పెట్టే తలుపు సందులోకి దిగుతుంది. నీళ్ళు ఆరిపోయినా చెమటలోని ఉప్పు అక్కడే ఉండిపోతుంది. సెల్లు ఆనే రేకుల మీద తెల్లగానో పచ్చగానో చిలుము పడుతుంది. ముందు గరగర మొదలవుతుంది, తర్వాత మాట తెగి తెగి వినిపిస్తుంది, చివరికి ఏమీ వినిపించదు. చెమటకు తోడు మనకు కొబ్బరినూనె ఒకటి. నూనె మానెయ్యమని ఏ అమ్మమ్మకూ చెప్పలేం, మిషను పెట్టుకుని ఉన్నా ఆ మాట మాత్రం వినిపించదు. నూనె రాసుకుని, చెవి వెనక పొడిగుడ్డతో తుడుచుకుని, కాసేపాగి మిషను పెట్టుకోమని మాత్రం చెప్పొచ్చు.

అసలు పాడే కాని మిషన్లు కూడా పాడైన లెక్కలో పోతున్నాయి. చెవి లోపలి గాలి వెచ్చగా, చెమ్మగా ఉంటుంది. ఏసీ గదిలోకి వెళ్ళినప్పుడో, చలికాలం పొద్దున్నే వాకిట్లోకి వచ్చినప్పుడో ఆ చెమ్మ గొట్టం లోపల చుక్కగా కడుతుంది. ఆవగింజంత చుక్క అడ్డం పడినా శబ్దం చెవిలోకి చేరదు. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే ఆ చుక్క కంటికి కనిపిస్తుంది. చెవిలో పెట్టే మౌల్డును గొట్టంతో సహా మిషను కొక్కెం నుంచి మెల్లగా లాగి, గొట్టం కొసకు రబ్బరు బుడ్డి ఆనించి రెండుసార్లు నొక్కితే చుక్క ఎగిరిపోతుంది, మాట తిరిగొస్తుంది. నోటితో ఊదకండి, నోటిగాలిలో ఉన్నదీ తేమే. నిమిషం పట్టని ఈ పని ఎవరూ చూపించనందుకు, పనిచేసే మిషన్లు బీరువాల్లో చీరల మధ్య మూలుగుతున్నాయి.

కేంద్రం నడిపే అడిప్ పథకంలో ఒకసారి మిషను తీసుకున్న పెద్దవాళ్ళకు మూడేళ్ళ దాకా అదే సాయం మళ్ళీ అందదు. కోస్తాలో మూడేళ్ళంటే మూడు నైరుతి వానాకాలాలు, మూడు ఈశాన్య వానాకాలాలు. మొదటి ముసురుకే మూగబోయిన మిషనుతో ఆ మనిషి మిగతా కాలం ఎలా గడపాలి? సదరం సర్టిఫికెట్ కోసం తిరిగి, క్యాంపు తేదీ కోసం కాచుకుని తెచ్చుకున్న మిషను అది. తడిసి చెడితే వారంటీ వర్తించదని చాలా కార్డుల మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. పసిపిల్లలకైతే నష్టం ఇంకా ఎక్కువ. మాటలు పట్టే వయసులో మిషను మూలపడిన ప్రతి వారమూ ఆ బిడ్డ మాటల్లో కోత పడుతుంది. ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ చేయించిన పిల్లల సంగతీ ఇంతే. ఆపరేషన్‌కు ప్రభుత్వం లక్షలు ఖర్చు పెట్టింది, కానీ చెవి బయట తగిలించుకునే ప్రాసెసర్‌కూ ఇదే చెమట, ఇదే వాన. దాని మరమ్మతు ఖర్చు మధ్యతరగతి ఇల్లు కూడా మోయలేదు.

డబ్బా ఇస్తే మాత్రం వాడతారా అనేవాళ్ళున్నారు. ఫ్రిజ్ లేని ఇళ్ళలో ఇన్సులిన్ సీసాను నీళ్ళకుండలో చల్లగా దాచుకోవడం మనవాళ్ళు నేర్చుకోలేదా? చేసి చూపించినవాళ్ళుంటే ఎందుకు వాడరు? నీళ్ళకు తట్టుకునే ఐపీ 68 మిషన్లు వచ్చాయిగా అని ఇంకొందరంటారు. ఆ అంకె కొత్త మిషనును మంచినీళ్ళలో పెట్టి పరీక్షించి ఇచ్చింది. సబ్బునీళ్ళకూ సముద్రపునీళ్ళకూ ఏళ్ళ తరబడి చెమటకూ అది పూచీ పడదు.

నెలనెలా చూపించుకోవడానికి చోటు కూడా కొత్తగా వెతకనక్కర్లేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ భవిత కేంద్రాలున్నాయి. అక్కడ సెల్లు పరీక్షించే మీటరు, గట్టిపడిన గొట్టాలు మార్చడానికి కొత్త గొట్టం చుట్ట, ఒక రబ్బరు బుడ్డి ఉంచి, జిల్లా ఆసుపత్రి ఆడియాలజిస్టు చేత అక్కడి టీచర్లకు పని నేర్పిస్తే చాలు. ఆ రోజు ముసలివాళ్ళను కూడా లోపలికి రానివ్వాలి.

అందాకా ఇంట్లో చేసుకోగలిగింది చేసుకుందాం. రాత్రి మిషను తీసి పొడిగుడ్డతో తుడిచి, సెల్లు బయటికి తీసి, సెల్లు తలుపు తెరిచే ఉంచి డబ్బాలో పెట్టండి. సెల్లును మాత్రం ఆ డబ్బాలో వెయ్యొద్దు. స్టిక్కరు పీకితే గాలి తగిలి పనిచేసే రకం అది, గుళికలు దాని లోపలి తడిని కూడా పీల్చేసి ఎండగొడతాయి. సెల్లు తియ్యడానికి వీల్లేని చార్జింగు మిషనైతే ఆపుచేసి పెట్టండి. నారింజ రంగు గుళికలు ముదురు ఆకుపచ్చకు తిరిగాయంటే ఇక పీల్చలేవని అర్థం. వంటకు వాడని పళ్ళెంలో సన్నసెగ మీద వేడిచేస్తే మళ్ళీ నారింజకు వస్తాయి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పొయ్యండి. నీలం రంగువి కొనకండి, వాటికి పూసే కోబాల్టు మంచిది కాదు. ఏ రంగువైనా పిల్లలకు అందకుండా పెట్టండి.

మిషను పొరపాటున తడిసిందా? ముందు సెల్లు తీసెయ్యండి. పనిచేస్తోందో లేదో చూద్దామని వెంటనే ఆన్ చెయ్యకండి. ఒక పగలూ ఒక రాత్రీ డబ్బాలో వదిలెయ్యండి. హెయిర్ డ్రయ్యరు, పొయ్యిగట్టు, మిట్టమధ్యాహ్నపు ఎండ, ఇవేవీ వద్దు. ఫోను తడిస్తే బియ్యంలో దాచే అలవాటు మనది, మిషనును మాత్రం బియ్యం డబ్బాలో పెట్టకండి. తవుడు మైకు రంధ్రంలో కూరుకుపోతుంది. ఉప్పునీళ్ళో సబ్బునీళ్ళో తగిలితే ఆరబెడుతూ రోజులు గడపకుండా బాగుచేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి.

ప్రతి సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది, తెలంగాణలో అయితే ప్రజావాణి. మీ ఇంట్లో మూలపడిన మిషను ఉంటే అర్జీతో పాటు దాన్నీ పట్టుకెళ్ళి కలెక్టరుగారి బల్ల మీద పెట్టండి. ఏ క్యాంపులో ఇచ్చారో, ఎన్ని నెలలు పనిచేసిందో, ఎలా ఆరబెట్టాలో ఎవరైనా చెప్పారో లేదో అర్జీలో రాయండి. రసీదు తీసుకోవడం మరిచిపోకండి.

ఇట్లు,
చెవి మిషన్లు వాడేవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు