ఫైలు అక్కడ... ఎడిటర్ ఇక్కడ!

మీ దుకాణం వెబ్‌సైట్‌లో ఫోన్ నంబరు తప్పు పడింది. దిద్దాల్సిన ఫైలేమో ఎక్కడో దూరాన సర్వర్‌లో ఉంది. చాలామంది ఏం చేస్తారు? ఫైలును తమ కంప్యూటర్‌లోకి దించుకుని, సరిచేసి, మళ్లీ సర్వర్‌కి ఎక్కిస్తారు. నాలుగుసార్లు ఇలా చేసేసరికి ఏది కొత్తదో ఏది పాతదో తెలియక తికమక! పాత కాపీ ఎక్కించామా... చేసిన పనంతా పోయినట్టే.

ఇంత శ్రమ అక్కర్లేదు. ఫైలును అక్కడే ఉంచి, ఇంట్లోని ఎడిటర్‌తోనే దిద్దొచ్చు. అందుకు దారి సెక్యూర్ షెల్... ముద్దుగా ఎస్ఎస్‌హెచ్.

పాతకాలపు టెల్నెట్‌లో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాతలాంటిది. దారిలో ఎవరైనా చదివేయొచ్చు. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో అదే జరిగింది, పాస్‌వర్డ్‌లు చోరీ అయ్యాయి. దాంతో అక్కడి పరిశోధకుడు టాటు ఇలోనెన్ అదే ఏడాది ఎస్ఎస్‌హెచ్‌ని తయారుచేశారు. ఇందులో ప్రతి అక్షరం సంకేతలిపిలోకి మారాకే బయల్దేరుతుంది.

ఎలా పెట్టుకోవాలి?

ఉచితంగా దొరికే విజువల్ స్టూడియో కోడ్‌లో ఎక్స్‌టెన్షన్ల విభాగానికి వెళ్లి, 'రిమోట్ ఎస్ఎస్‌హెచ్' అని వెతికి ఇన్‌స్టాల్ చేయండి. ఎఫ్1 నొక్కి 'కనెక్ట్ టు హోస్ట్' ఎంచుకోండి. యూజర్ పేరు, తర్వాత 'ఎట్' గుర్తు, ఆపైన సర్వర్ చిరునామా ఇవ్వండి. పాస్‌వర్డ్ కొడితే సర్వర్‌లోని ఫోల్డర్లు మీ ముందుంటాయి. ఈమ్యాక్స్ వాడేవారికి 'ట్రాంప్' అనే సదుపాయం అందులోనే ఉంది.

తాళం... తాళంచెవి

ప్రతిసారీ పాస్‌వర్డ్ ఎందుకనుకుంటే 'ఎస్ఎస్‌హెచ్ కీజెన్' ఆదేశంతో రెండు కీలు తయారుచేసుకోవచ్చు. పబ్లిక్ కీ తాళం కప్పలాంటిది, దాన్ని సర్వర్‌లో పెట్టాలి. ప్రైవేట్ కీ తాళంచెవి. అది మీ కంప్యూటర్ దాటకూడదు. స్నేహితులడిగినా మెయిల్‌లో పంపొద్దు. దానికో పాస్‌ఫ్రేజ్ కూడా పెట్టుకుంటే ల్యాప్‌టాప్ పోయినా దొంగకి ఆ చెవి ఓ పట్టాన పనిచేయదు.

ఇవి మరవొద్దు!

* మొదటిసారి కలిసినప్పుడు సర్వర్ తన 'వేలిముద్ర' చూపి, నమ్మొచ్చా అని అడుగుతుంది. కళ్లు మూసుకుని 'ఎస్' అనేయకుండా, సర్వర్ నిర్వాహకులు ఇచ్చిన దానితో పోల్చి చూసుకోండి.

* ఆ వేలిముద్ర మారిందని తర్వాతెప్పుడైనా హెచ్చరిక వస్తే ఆగండి. సర్వర్‌ని కొత్తగా సిద్ధం చేసి ఉండొచ్చు, లేదా మధ్యలో ఎవరైనా దూరి ఉండొచ్చు. కనుక్కున్నాకే ముందుకెళ్లండి.

* ఇక్కడ 'సేవ్' నొక్కితే మారేది అసలు ఫైలే. పొరపాటు చేస్తే మరుక్షణం లోకమంతా చూస్తుంది. దిద్దేముందు ఓ కాపీ తీసి పక్కన పెట్టుకోండి.