చిన్న చిప్‌కు ఏ బేసిక్?

మైక్రోకంట్రోలర్‌తో మీరొక ఉష్ణమాపకం తయారుచేశారనుకోండి. ఎల్.ఎం. 35 అనే సెన్సర్ ఒక్కొక్క సెల్సియస్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. 5 వోల్టుల వరకు ఉండే ఆ వోల్టేజీని చిప్ 0 నుండి 1023 లోపు అంకెగా మారుస్తుంది. దాన్ని 500తో హెచ్చవేసి 1024తో భాగిస్తే డిగ్రీలు వస్తాయి. పొద్దున 29, 30, 31 అని సవ్యంగానే చూపింది. ఎండ ఎక్కి 32 దాటగానే మైనస్ 31 అన్నది!

సెన్సర్ చెడిపోలేదు, తీగలు ఊడలేదు. 16 బిట్లలో పట్టే పెద్ద పూర్ణసంఖ్య 32,767. చదివిన అంకె 65 అయితే లబ్ధం 32,500, పట్టింది. 66 అయితే 33,000, పట్టదు. అది చుట్టు తిరిగి మైనస్ 32,536 అయి కూర్చుంటుంది. ఇక 1024తో భాగించి చూడండి.

ఇది మీరు ఎంచుకున్న బేసిక్ తెచ్చిన తంటా. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ రూపొందించిన ఈ భాషకు తర్వాత ఎన్నో మాండలికాలు పుట్టాయి. మీ ప్రోగ్రామును చిప్ యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌ను సొంతంగా రాయాలనుకుంటే, ముందు తేల్చుకోవలసింది ఏ మాండలికం అన్నదే.

చాలామందికి 1970లలో వచ్చిన టైనీ బేసిక్ నచ్చుతుంది. 26 చరరాశులు, పూర్ణసంఖ్యలు, అంతే. రాయడం తేలిక. కాని 16 బిట్లు దాటదు. 1976 నాటి పాలో ఆల్టో టైనీ బేసిక్‌లో సంఖ్య పట్టకపోతే “హౌ?” అని తెరమీద అడిగేది. మీ చిప్‌కు తెరే లేదు, ఎవరిని అడుగుతుంది? పంక్తి సంఖ్యలూ టెర్మినల్ మీద దిద్దుకోవడానికి పనికొచ్చినవే. ఇప్పుడు అవి అనవసరపు బరువు.

బీబీసీ బేసిక్ సంగతి వేరు. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన దేశంలోని కొన్ని పాఠశాలలకు వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్ల భాష ఇదే. ఇందులో పూర్ణసంఖ్యకు 32 బిట్లు. మైనస్ 31 రాదు. అయితే అటైనీ 85 చిప్‌లో ర్యామ్ మొత్తం 512 బైట్లే. పది దాకా లెక్కపెట్టే చరరాశికి కూడా 4 బైట్లు ఇవ్వడం దుబారా కాదూ?

నా ఓటు మైక్రోసాఫ్ట్ క్విక్ బేసిక్ తరహాకు. “డిమ్ కొలత యాజ్ లాంగ్” అంటే 4 బైట్లు, “యాజ్ ఇంటిజర్” అంటే 2 బైట్లు. ఎంత చోటు కావాలో రాసేవారే చెబుతారు. చెప్పకుండా వాడిన చరరాశిని మీ కంపైలర్ నిరాకరించాలి. క్విక్ బేసిక్ అలా నిరాకరించదు, కనుక ఈ ఒక్కచోట దాన్ని అనుసరించకండి. దశాంశ సంఖ్యలను మొదటి కంపైలర్‌లో పెట్టుకోకపోవడమే మేలు.

ఒక మెలిక ఉంది. ఫలితాన్ని మాత్రమే లాంగ్ చేసి, చదివిన అంకెను ఇంటిజర్‌గా వదిలేస్తే గుణకారం ముందే 16 బిట్లలో జరిగిపోతుంది. మళ్ళీ అదే మైనస్ 31! అలాంటి పంక్తి కనబడినప్పుడు మీ కంపైలర్ ఒక హెచ్చరికైనా ఇచ్చేటట్లు చూడండి.