శిక్షణార్థులు సిబ్బంది కారు

2025 మే 17 రాత్రి న్యూయార్క్ రేవు విడిచిన మెక్సికో నౌకాదళ శిక్షణ ఓడ కువౌటెమోక్ వెనక్కి నడుస్తూ వెళ్లి బ్రూక్లిన్ వంతెనను ఢీకొంది. ఓడలో 277 మంది ఉన్నారు. వీడ్కోలు ఆనవాయితీ ప్రకారం కొందరు తెరచాప కొయ్యల మీద బారులు తీరి నిలబడి ఉండగానే స్తంభాల పైభాగాలు వంతెనకు తగిలి విరిగాయి. ఇద్దరు యువ నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఓడ ఎలా అదుపు తప్పిందన్నది దర్యాప్తు తేల్చాల్సిన సంగతి. అంత ఎత్తున వాళ్లనెందుకు నిలబెట్టారో చెప్పడానికి ఏ దర్యాప్తూ అక్కర్లేదు. గట్టు మీద జనం చూడాలని నిలబెట్టారు. ఇరుకు నీళ్లలో ఓడ ఇంజిన్ మీద కదులుతున్నంతసేపు వేడుక కోసం ఒక్కరినీ స్తంభం ఎక్కించకూడదు. ఈ ఆనవాయితీకి ప్రతి నౌకాదళమూ స్వస్తి చెప్పాలి.

తెరచాప ఓడల్లో శిక్షణ వద్దని మేం అనడం లేదు. గాలినీ కెరటాన్నీ చదవడం నేర్పడంలో వాటికి సాటి లేదు. కానీ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల చేతులనే పనివాళ్ల లెక్కలో వేసుకుని సిబ్బందిని కుదించే అలవాటు, మోటారు ఓడల ధ్రువపత్రం ఉంటే తెరచాపలూ తెలిసినట్టేనన్న నమ్మకం ప్రాణాంతకం.

కాంకార్డియా సంగతే చూడండి. కెనడా విద్యార్థులతో తేలే బడిలా నడిచిన మూడు స్తంభాల ఓడ అది. 2010 ఫిబ్రవరి 17 మధ్యాహ్నం బ్రెజిల్ తీరానికి సుమారు 550 కిలోమీటర్ల దూరంలో ఉంది. 48 మంది విద్యార్థులతో కలిపి ఓడలో 64 మంది. ఈదురుగాలి మేఘం వస్తున్నట్టు ఓడ నడిపే వంతులో (వాచ్‌లో) ఉన్న అధికారికి కనిపించింది. దాన్ని ప్రమాదంగా ఎంచలేదు. చాపలు దించలేదు, ఓడ దారి మార్చలేదు. గాలి విసురుకు ఓడ ఒరిగింది. డెక్ మీది గదుల తలుపులు, కిటికీలు బిగించి లేకపోవడంతో నీళ్లు లోపలికి దూకాయి. ఓడ పక్కకు పడిపోయి మునిగింది. దాదాపు రెండు రోజులు రబ్బరు తెప్పల మీద ఎదురుచూశాక వాణిజ్య నౌకలు వచ్చి అందరినీ కాపాడాయి. పిల్లలు ప్రాణాలతో ఇల్లు చేరడం వల్లే కాబోలు, ఆ ప్రమాదాన్ని లోకం త్వరగా మరిచిపోయింది.

నిజానికి ఆ అధికారికి కావలసిన సమాచారం పట్టికల రూపంలో ఓడలోనే ఉంది. ఓడ ఇప్పుడు ఎంత ఒరిగి ఉందో, గాలి ఎంత ఉందో చూసుకుంటే, ఇంకెంత విసురు వస్తే తలుపుల్లోంచి నీళ్లు చొరబడతాయో చెప్పే పట్టికలు అవి. 1984 జూన్ 3న బెర్ముడా దగ్గర మార్క్వెస్ అనే ఓడ ఇలాంటి విసురుకే మునిగి, 28 మందిలో 19 మంది చనిపోయాక, సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలోని వుల్ఫ్సన్ యూనిట్ పరిశోధించి తయారుచేసిన పట్టికలవి. అన్ని ప్రాణాలు పోయాక పుట్టిన విద్య, 26 ఏళ్ల తర్వాత, అలమరలో పుస్తకంగానే ఉండిపోయింది. దాన్ని వాడటం ఆ అధికారికి ఎవరూ నేర్పలేదు. ఆ శిక్షణకు అంతర్జాతీయ ప్రమాణాలు రావాలని కెనడా రవాణా భద్రతా మండలి 2011లోనే సిఫారసు చేసింది.

2013 జులైలో ఐర్లండ్‌లోని కిన్సేల్ దగ్గర ఆస్ట్రిడ్ అనే తెరచాప శిక్షణ ఓడ రాళ్లకు కొట్టుకుపోయింది. ఇంధనంలో నీళ్లు కలిసి ఇంజిన్ ఆగిపోయింది. 30 మందీ బయటపడ్డారు. ఆ ప్రయాణానికి ఓడకు తగిన ధ్రువపత్రాలే లేవని దర్యాప్తులో బయటపడింది. యువతను ఎక్కించుకునే ముందే ఆ కాగితాలు ఎవరైనా అడగాల్సింది!

మన నౌకాదళం కొచ్చి కేంద్రంగా తరంగిణి, సుదర్శిని ఓడలను నడుపుతోంది. 2017-18లో తారిణి పడవలో భూమిని చుట్టివచ్చిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖ బిడ్డ స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. వాళ్లను ఒక్కసారిగా మహాసముద్రంలోకి వదిలిపెట్టలేదు. ముందు మాదేయి అనే పడవ మీద మారిషస్ దాకా, ఆ తర్వాత కేప్‌టౌన్ దాకా నడిపించి చూశారు. పేరుకు అధికారి కావడానికీ, చాప కింద చేయి తిరగడానికీ మధ్య ఉన్న దూరాన్ని అలా దాటించారు. ఫీజులు తీసుకుని పిల్లల్ని సముద్రం మీదికి తీసుకెళ్లే ప్రతి ప్రైవేటు ఓడకూ ఇదే కొలత కావాలి.

శిక్షణార్థుల్లో ఒక్కరూ పనిలోకి రాకపోయినా ఓడను రేవుకు చేర్చగలిగినంత సిబ్బంది ఉండాలి. వాచ్ అధికారికి తెరచాప ఓడల ధ్రువపత్రం తప్పనిసరి చేయాలి. కెప్టెన్‌ను నిద్ర లేపకుండానే చాపలు దించే అధికారం అతనికి రాతపూర్వకంగా ఉండాలి. ముందుజాగ్రత్తగా దించినందుకు ఆనక ఎవరూ సంజాయిషీ అడగకూడదు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థలో మన దేశానికి గొంతు ఉంది. కెనడా సిఫారసును అక్కడ నిబంధనగా మార్చే చొరవ కేంద్ర నౌకాయాన శాఖ తీసుకోవాలి. ఈలోగా తల్లిదండ్రులు ఒక పని చేయవచ్చు. అర్ధరాత్రి వాచ్‌లో ఎవరుంటారు, వారికున్న అర్హత ఏమిటి, ఈదురుగాలి కనిపిస్తే తలుపులు బిగించే బాధ్యత ఎవరిది అని అడగండి. రాతపూర్వకంగా జవాబు ఇవ్వని ఓడకు ఫీజు కట్టకండి.